యౌవనమున పితృవియోగము

మరణమను మాట మనకు బాల్యమునుండియు తెలిసినదే. వీధిని పాడె పోవుచుండగా చూచితిమి, పురాణములలో వింటిమి, పాఠ్యపుస్తకములలో చదివితిమి. అయినను అది యెల్లప్పుడును పరుల మాటగానే యుండెను. తండ్రియో తల్లియో కన్నుమూసిన దినముననే ఆ మాట మన గడప దాటి లోనికి వచ్చును. ఆ రాక శైశవమున నొక విధము, వార్ధకమున నింకొక విధము. ఇరువదియవ యేటికిని ముప్పదియవ యేటికిని నడుమ వచ్చినప్పుడు దాని స్వరూపము ప్రత్యేకమైనది. బాలుని దుఃఖమును గూర్చి మనము కనికరముతో మాటాడుదుము; వృద్ధుల మరణమును గూర్చి వేదాంతముతో మాటాడుదుము; ఈ నడిమి వయస్సువాని గూర్చి మాత్రము మౌనము వహింతుము. కావున ఈ పాఠమున ఆ యొక్క విషయమునే విచారింపబూనితిమి.

1. ప్రాంగణమున నొక యువకుడు

హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములో చదువుకొనుచున్న యొక యువకుని మనస్సున నుంచుకొందము. ఇతడు ఫలానావాడని కాదు. అట్టి స్థితిలోని వారిని ఆ ప్రాంగణ మెఱుగును. జనగామ దాపునగల పల్లె యతనిది. ఒక రాత్రి రెండవ జామున ఫోను మ్రోగును. మేనమామ నాలుగే మాటలు పలుకును: "బాపు పోయిండు బిడ్డా, రా." స్నేహితుడొకడు మోటారు సైకిలుపై తార్నాక మీదుగా ఉప్పలు కూడలికి చేర్చును, అచ్చట వరంగల్లు పోవు బస్సు దొరకును. త్రోవ పొడవునను ఆ యువకుని తలంపున నుండునది తత్త్వము కాదు. మూడు దినముల క్రిందట తండ్రి ఫోను చేసెను. తాను చదువుచున్నానని చెప్పి, మరల చేసెదనని పెట్టివేసెను. చేయకపోయెను. ఆ యొక్క సంగతియే బస్సు దిగువఱకు అతని గుండెలో తిరుగుచుండును.

పెద్దకర్మ ముగిసిన పిమ్మట గుండుతో తిరిగివచ్చి ఆర్ట్సు కళాశాల మెట్లమీద నిలుచును. 1939లో తెఱవబడిన ఆ రాతి కట్టడము ఏమియు మాఱలేదు. తార్నాకలో మెట్రో రైలు వేళకు వచ్చి వేళకు పోవుచున్నది. హాజరు లెక్కయు పరీక్షల తేదీయు అతనికై కాచుకొనియున్నవి. మిత్రులు రెండు దినములు మెల్లగా మాటాడి, మూడవనాడు యథాప్రకారము నవ్వుదురు. అది వారి దోషము కాదు. వారి తండ్రులు బ్రదికియున్నారు.

శిశువు తండ్రిని గోల్పోయినచో బంధువులు చేరదీయుదురు. నలువదేండ్ల గృహస్థు గోల్పోయినచో భార్యాబిడ్డలు చెంతనుందురు, సంపాదన యను నేల కాళ్లక్రింద నుండును. ఈ యువకునకు ఆ రెండును లేవు. నిన్నటివఱకు పిల్లవాడనిపించుకొన్నవాడు నేడు ఇంటిపెద్ద యనిపించుకొనుచున్నాడు. ఇంతకన్న సూక్ష్మమైన నష్టము వేఱొకటి కలదు. పదునాఱేండ్ల ప్రాయమున కొడుకు తండ్రితో వాదించును. ఇరువది దాటిన పిదపగాని తండ్రితో మాటాడుట నేర్వడు. ఆ నేర్పు కలుగుచున్న వేళకే వినువాడు లేకపోయెను. తండ్రి తనవలె నొక మనుష్యుడనియు, ఆయనకును భయములు కోరికలు ఉండెననియు తెలిసికొనకమునుపే ఆయన గోడమీది పటమైపోయెను. కుమార్తె తల్లిని గోల్పోయినను ఇదియే గతి. అంతియేకాక వంటయిల్లును చిన్నవారి పెంపకమును ఆమె మీదబడి చదువే నిలిచిపోవుటయు మన యిండ్లలో కలదు.

తార్నాక యను పేరునకు ఒక యర్థము చెప్పుదురు. తార్ అనగా లోహపు తీగె; నాకా అనగా కావలి చోటు. నిజాముల కాలమున అచ్చటి తోటకు తీగెకంచె వైచి కావలి యుంచిరని ప్రతీతి. తల్లిదండ్రులును మనకును మృత్యువునకును నడుమ నట్టి కావలియే. వరుసలో మనకన్న ముందు వారున్నారను భావము మనకు తెలియకయే మనలను కాచుచుండును. వారు పోయిననాడు కంచె తెగి, ఎదుటి బయలు కానవచ్చును. ఆ యువకుడు రాత్రులందు నిదురరాక కూర్చుండుట తండ్రికొఱకు మాత్రమే కాదు. తానును చనిపోవువాడేనని అతడు మొట్టమొదటిసారి యెఱిగెను.

2. నచికేతుని వరములు

మన ప్రాచీన గ్రంథములలో మృత్యువు నెదుట నిలిచిన యువకుడొకడు కలడు. అతడు కఠోపనిషత్తులోని నచికేతుడు. తండ్రి కోపమున పలికిన యొక మాటచేత యముని యింటికి పోయెను. యముడు ఇంట లేనందున మూడు రాత్రులు అన్నములేక కాచియుండెను. అందులకు బదులుగా మూడు వరములు పొందెను. ఆ వరములను కోరిన క్రమము గమనింపదగినది. మృత్యురహస్యమునే తెలిసికొనగోరినవాడయ్యు దానిని మొదట నడుగలేదు. తండ్రి మనస్సు శాంతించి తన్ను మరల ప్రీతితో చూడవలెనని మొదట కోరెను. రెండవది అగ్నివిద్య, అనగా చేయవలసిన కర్మ. మరణానంతరమేమి యను ప్రశ్నను మూడవదిగా వేసెను. ఇల్లు, పని, ప్రశ్న యను ఈ క్రమమే శోకమున పడిన యువకునకు మేలైన దారియని మా యభిప్రాయము. క్రమము తప్పి మొదటనే మూడవదానిని పట్టుకొన్నవాడు చీకటిలో తడుముకొనును. మొదటి రెంటితోనే నిలిచిపోయినవాడు తన దుఃఖము నుండి యేమియు నేర్వకుండును.

3. మొదటిది: ఇల్లు

తండ్రి పోయిన యింటిలో తొలుత వచ్చు వివాదము కర్మకాండను గూర్చినది. విద్యావంతుడైన కుమారునకు పిండప్రదానమున నమ్మకము లేకపోవచ్చును. తల్లికి అదియే ఆధారము కావచ్చును. ఈ సంకటము క్రొత్తది కాదు. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు తండ్రియగు ద్వారకానాథుడు 1846 ఆగస్టు 1వ తేదీన లండను నగరమున మరణించెను. అప్పటికి దేవేంద్రనాథునకు ఇరువదితొమ్మిదేండ్లు. విగ్రహారాధనతో గూడిన శ్రాద్ధమును తన చేతులతో చేయనని యాయన నిలిచెను. బంధువులు పలువురాయనను విడిచిరి. అంతరాత్మకు విరుద్ధముగా నడువకుండుట గొప్పదే. అయినను ఆ నిలుకడ తన నడవడి మట్టుకే యుండవలెను. దుఃఖమున మునిగిన తల్లిని వాదమున గెలుచుట సంస్కారము కాదు. ఆమె చేయదలచినదానిని ఆమెను చేయనిచ్చి, తాను చేయజాలనిదానిని మెల్లగా చెప్పి, ఆమె చెంత కూర్చుండుటయే తగును. అప్పుచేసి ఊరందఱకును భోజనము పెట్టుట మాత్రము దృఢముగా వారింపవలెను. చనిపోయినవాని గౌరవము విస్తళ్ల లెక్కలో లేదు.

రెండవ చిక్కు ఋణము. కార్, ఠాగూర్ అను ద్వారకానాథుని వర్తకసంఘము 1848లో కూలిపోయెను. కొంత యాస్తి అప్పులవారి చేతికి చిక్కకుండ ద్వారకానాథుడు ముందే దస్తావేజు వ్రాసియుంచెను. దేవేంద్రనాథుడు ఆ యాస్తిని సయితము అప్పులవారి యెదుట నుంచి, వ్యయములు తగ్గించుకొని, బహుసంవత్సరములు శ్రమించి ఋణమును తీర్చెను. నేటి న్యాయము అంతటి భారమును మోపదు. తండ్రి యప్పును కొడుకు ధర్మబంధము చేతనే తీర్చితీరవలెనను పూర్వనియమమును, ఆ పిమ్మట చేయబడిన అప్పుల విషయమున, 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ చట్టము తొలగించెను. వారసుడు తనకు సంక్రమించిన యాస్తి మేరకే బాధ్యుడు. కావున పదునొకండవ దినమున వచ్చి కూర్చున్న వడ్డీవ్యాపారి మాటకు భయపడి, కన్నీటితో నున్నవేళ క్రొత్త ప్రామిసరీ నోటు వ్రాయరాదు. కాగితములు చూచి, తెలిసినవారి నడిగి, నిజమైన బాకీ యేదో తెలిసికొని, పిమ్మట తన మనస్సాక్షి చెప్పినట్లు నడువవలెను. ఆ చట్టమే ఉమ్మడి యాస్తిలో కుమార్తెకును కుమారునితో సమానమైన హక్కు నిచ్చెను. ఏడ్చుచున్న అక్కచెల్లెండ్రచేత ఆ దినములలో హక్కువిడుదల పత్రములపై సంతకము చేయించుట మన యిండ్లలో కలదు. విద్యావంతుడైన సోదరుడు దీనిని జరుగనీయరాదు.

చిన్న పనులను సయితము చెప్పుట మేలు. మరణమును ఇరువదియొక్క దినములలోపల నమోదు చేయింపవలెనని 1969వ సంవత్సరపు జనన మరణ నమోదు చట్టము విధించుచున్నది. బ్యాంకు లెక్క, బీమా, పింఛను, పొలము పట్టా మొదలగువాని కన్నిటికి ఆ ధ్రువపత్రమే మూలము. ఈ పనులు నీరసములని తలంపరాదు. తండ్రి పేరును కార్యాలయపు పుస్తకములో "మరణించినవారు" అను గడిలో తన చేతితో వ్రాసినపుడే పెక్కుమంది కుమారులకు ఆ మరణము నిజమైనదిగా తోచును.

4. రెండవది: పని

ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టుకలోనే ఈ పాఠము కొంత కలదు. ఆఱవ నిజామగు మహబూబు అలీఖాను 1911 ఆగస్టు 29వ తేదీన మరణించెను. ఆయన తన తండ్రిని 1869లో మూడేండ్లు నిండకమునుపే గోల్పోయినవాడు. కుమారుడైన ఉస్మాను అలీఖానునకు అప్పటికి ఇరువదియైదేండ్లు. ఆయన పరిపాలనపు గుణదోషములు వేఱొక విచారణకు చెందినవి. వానిపై ఈ నేలవారికి బలమైన కారణములతో భిన్నాభిప్రాయములు కలవు. ఇచ్చట మనకు వలసిన విషయము ఒక్కటియే. 1908 సెప్టెంబరు మాసాంతమున మూసీనది పొంగి నగరమున వేలకొలది ప్రాణములను దీసికొనెను. అట్టిది మరల జరుగకుండ చేయుటకై 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రప్పించిరి. ఆ పని ముగియకమునుపే తండ్రి పోయెను. కుమారుని కాలమున 1920లో ఉస్మాను సాగరమును 1927లో హిమాయతు సాగరమును పూర్తియయ్యెను. 1918లో విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. రాజునకు ధనమును జనమును కలవు, మనకు లేవందురేమో. నిజమే. అయినను తండ్రి విడిచిపోయిన పనులలో ఏది నిలుపవలెను, ఏది విడువవలెను, ఏది తన కాలమునకు తగినట్లు మార్చవలెను అను ప్రశ్న రాజకుమారునకును రైతుకుమారునకును ఒక్కటియే.

ధనము లేనివాని యుదాహరణమును చూతము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనారంభముననే తండ్రిని గోల్పోయెను. తల్లి వెంకమ్మ పట్టుదలచేత అతని చదువు నిలిచినది. 1921లో సోదరుడు పురుషోత్తము స్ప్రూ అను ఉష్ణదేశపు ప్రేగువ్యాధిచేత మరణించెను. మరుసటి సంవత్సరమున సుబ్బారావు అమెరికా చేరెను. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. స్ప్రూ రోగులకును కొన్ని విధముల రక్తహీనతకును అదియే మందైనది. ఆయన 1948లో ఏబదిమూడేండ్లకే గతించెను. సోదరుని మరణమే ఆ పరిశోధనకు ఏకైక కారణమని చెప్పజాలము. మనుష్యుని కృషికి మూలములు పెక్కు. ఆ సోదరుని ఎవ్వరును తిరిగి తేలేదు. అయినను ఇతర గృహములలో అట్టి సోదరులు పెక్కుమంది బ్రదికిరి.

తార్నాకలో విశ్వవిద్యాలయపు సరిహద్దు చెంతనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి విచారణకై యొక చిన్న శాఖగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చినది. మన తాతలనాడు దైవకోపమనుకొన్న పెక్కు మరణములు ఆహారలోపములనియు, నివారింపదగినవనియు ఇట్టి సంస్థలు తెలిపినవి. గర్భవతులకు నేడు ఇనుముతో కలిపి ఇచ్చుచున్న ఫోలిక్ ఆమ్లపు మాత్ర సామాన్యమైన వస్తువువలె కానవచ్చును. ఎవరి తల్లులో చనిపోగా, ఎవరో కూర్చుండి కారణము వెదకగా, ఆ మాత్ర మనకు దొరకినది.

యువకుడు అందఱును శాస్త్రజ్ఞులు కానక్కఱలేదు. మానిన చదువును మరల పట్టుకొనుట, తమ్ముని రుసుము కట్టుట, తండ్రి నాటిన బత్తాయి మొక్కలకు నీరు పెట్టించుట, ఇవియు నచికేతుడు కోరిన అగ్నియే. అయినను ఒక హెచ్చరిక. తీఱిక లేకుండ పనిచేయుటచేత దుఃఖమును అణచివేయవచ్చునని తలంచుట పొరపాటు. అణచినది పోదు. దినమున కొంతసేపు పని నాపి తండ్రిని తలంచుకొనువాడే ఎక్కువకాలము పని చేయగలుగును.

5. మూడవది: ప్రశ్న

ఇపుడు మూడవదానికి వత్తము. చనిపోవుట యేమి? విశ్వవిద్యాలయమునకు దాపుననే కణ అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రము కలదు. జీవకణములను గూర్చిన శాస్త్రము చెప్పునదేమనగా, మరణము దేహమునకు బయటినుండి వచ్చు శత్రువు మాత్రమే కాదు. మన రక్తములోని ఎఱ్ఱకణము సుమారు నూటయిరువది దినములు జీవించి నశించును; దాని స్థానమున క్రొత్తది వచ్చును. తల్లిగర్భమున మన వ్రేళ్లు విడివడుటకు నడుమనున్న కణములు తమంతట తాము చనిపోవుటయే కారణము. అనగా మృత్యువు లేనిచో మనకు చేయియే యేర్పడదు. ఈ విషయము తెలిసినంత మాత్రమున తండ్రిలేని లోటు తీఱదు. అయినను మరణమును అన్యాయపు దండనగా చూచు దృష్టి కొంత తగ్గును. జీవనమునకు హద్దుండుట దానికి ఆకారమిచ్చుటయే.

మరణానంతరమేమి యను ప్రశ్నకు ఒక్కొక్క మతము ఒక్కొక్క సమాధానము చెప్పుచున్నది. ఏది నమ్మినను యువకుడు దానిని తొందరపడి నమ్మరాదు. దుఃఖము మానుటకొఱకు మాత్రమే నమ్మరాదు. యముడు నచికేతునకు దీర్ఘాయువును సంపదను చూపి ప్రశ్నను విడువుమనెను, అతడు విడువలేదు. మనకు చూపబడు ప్రలోభములు నేడు వేఱు: మద్యము, ఫోను తెరపై రాత్రంతయు గడపుట, లేదా "అంతయు మిథ్య" యని తొందరగా పలికెడు వేదాంతము. మూడును ప్రశ్ననుండి తప్పించుకొను దారులే.

ఈ ప్రశ్నతో ముడిపడిన భయమొకటి కలదు. తండ్రి ఏబదియవ యేట పోయినచో, తనకును ఏబదియే హద్దని కొడుకు లోలోపల లెక్కవేసికొనును. ఈ లెక్క పెక్కుమందికి కలుగును; కొందఱే బయట చెప్పుదురు. దీనికి రెండు బదుళ్లు. మొదటిది వైద్యము చెప్పునది: తండ్రికి గాని సోదరునికి గాని ఏబదియైదేండ్లకు మునుపు, తల్లికి గాని సోదరికి గాని అఱువదియైదేండ్లకు మునుపు గుండెజబ్బు వచ్చినచో ఆ వంశమువారు హెచ్చు జాగ్రత్త పడవలెను. రక్తపుపోటును, చక్కెరను, కొవ్వును పరీక్ష చేయించుకొని, పొగాకు మానవలెను. తండ్రి యాయుర్దాయము కొడుకునకు శాసనము కాదు, సూచన. రెండవది: ఏబదియే యని యెంచినను, ఆ లెక్క మనలను బెదరించుటకు మాత్రమే కాక మేల్కొల్పుటకును పనికివచ్చును. ఎవరితో మాటాడక నిలిచితిమో వారితో మాటాడుటకు, ఏ పనిని రేపటికి త్రోయుచుంటిమో దానిని నేడు తలపెట్టుటకు అంతకన్న మంచి కారణము లేదు.

శోకము రోగముగా మాఱు సందర్భములును కలవు. ప్రపంచారోగ్య సంస్థవారి వ్యాధుల పట్టికలో 2022 నుండి దీర్ఘశోకవ్యాధి యొకటిగా చేరినది. ఆఱు మాసములు దాటినను లోకాచారమును మించిన తీవ్రతతో శోకము మనుష్యుని దినచర్యను నిలిపివేసినచో అది చికిత్సకు అర్హమైనది. ప్రాణము విసిగిన తలంపులు కలిగినచో ఆఱు మాసములు కాదు, ఆఱు గడియలును కాచుకొనరాదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ అను ప్రభుత్వపు సహాయమునకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. జ్వరమునకు వైద్యుని చూచుట అవమానము కానట్లే ఇదియు కాదు.

6. చుట్టునున్నవారి ధర్మము

పాఠకులారా, మనలో పెక్కుమంది ఉపాధ్యాయులము, పెద్దలము, పొరుగువారము. పదునొకండవ దినమున ఇల్లంతయు జనముతో నిండియుండును. మూడవ మాసమున ఎవ్వరును రారు. యువకునకు మనము కావలసినది ఆ మూడవ మాసముననే. అప్పుడు పోయి "ధైర్యముగా నుండుము" అని చెప్పి వచ్చుటవలన ఫలము లేదు. వాని తండ్రిని మన మెఱిగినచో, ఆయన యౌవనమున ఎట్లుండెనో, ఏమని నవ్వెనో, ఏ తప్పు చేసెనో చెప్పుడు. వానికి తెలియకపోయిన తండ్రిని ఇచ్చువారు ఇక లోకమున మనమే. ఉపాధ్యాయుడైనచో హాజరు సంగతి వాడడుగకమునుపే చక్కబెట్టుడు. గదిలోని తోటివాడైనచో వానితో గూడ మెస్సునకు పోయి భుజింపుడు. ఆడపిల్ల యైనచో చదువు మానుమని చెప్పు బంధువుల నెదిరించి ఆమె ప్రక్కన నిలువుడు.

మన యువకుని సంగతికి మరల వత్తము. అతడు చేయకపోయిన ఫోను ఇక చేయబడదు. దానిని ఏ తత్త్వమును సరిదిద్దజాలదు. సరిదిద్దినట్లు నటింపనక్కఱయు లేదు. అయినను ప్రతిరాత్రియు తొమ్మిది గంటలకు, పుస్తకము మూసి, తార్నాక వైపు దీపములు కనబడు కిటికీ చెంత నిలిచి, అతడు తల్లికి ఫోను చేయును. ఆమె తిన్నదా యని అడుగును. ఆమె అతడు తిన్నాడా యని అడుగును. చదువు మిగిలియున్నను అతడు తొందరపడి పెట్టివేయడు.